మందు ఎక్కించిన తరువాత: ఇమ్యునోథెరపీ రోగిని కనిపెట్టుకొని ఉండడం

క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న రోగి చూసేవారి కళ్ళకు చాలావరకు ఆరోగ్యంగానే కనిపిస్తారు: సాధారణంగా జుట్టు రాలదు, సెలైన్‌లో కలిపిన మందు అరగంటలోనో గంటలోనో ఎక్కి అయిపోతుంది, ఆ రాత్రి వాంతులు ఉండవు, మరునాడే పొలానికో ఆఫీసుకో వెళ్ళేవారూ ఉంటారు. కీమోథెరపీ పెట్టే బాధలను దగ్గరగా చూసిన కుటుంబానికి ఇది పెద్ద ఊరట. అయితే ఈ చికిత్సలో ఏమరుపాటుకు మొదటి కారణం కూడా ఆ ఊరటే. ఇమ్యునోథెరపీ దుష్ప్రభావాలు మందు ఎక్కించిన రోజున ఆసుపత్రి మంచం మీద మొదలవడం తక్కువ. అవి కొన్ని వారాల తరువాత, ఒక్కొక్కసారి చికిత్స ముగిసిన నెలలకు, ఇంట్లో ఉన్నప్పుడు, దురదగానో నీరసంగానో రెండు విరేచనాలు ఎక్కువ కావడంగానో, ఎవరూ క్యాన్సర్ మందుతో ముడిపెట్టని రూపంలో మొదలవుతాయి. అందుచేత వీటిని మొదట పసిగట్టవలసినవారు వైద్యులు కారు. రోగి, రోగితో ఒకే ఇంట్లో ఉండేవారు. వారి పరిశీలన ఎంత పద్ధతిగా సాగితే వైద్యుని పని అంత తేలికవుతుంది, చాలా సందర్భాల్లో చికిత్స కూడా అంత ఎక్కువ కాలం కొనసాగుతుంది.

మేలూ కీడూ ఒకే మూలం నుంచి

రక్తంలోని తెల్లకణాల్లో టి కణాలు అనే జాతి ఒకటి ఉంది. శరీరంలో చేరిన వైరస్‌లను, చెడిపోయిన కణాలను గుర్తించి చంపడం దాని పని. ఆ కణాలు అదుపు తప్పి సొంత అవయవాల మీద పడకుండా వాటి ఉపరితలం మీద ఉండే సీటీఎల్ఏ-4, పీడీ-1 వంటి ప్రొటీన్లు కళ్ళెంలా పనిచేస్తాయి, చాలా క్యాన్సర్ కణాలు ఆ కళ్ళేన్నే బిగించి టి కణాన్ని కదలనివ్వకుండా చేస్తాయి. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం 1992లో పీడీ-1ను కనుగొన్నది. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ సీటీఎల్ఏ-4ను అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు కరుగుతాయని 1990ల మధ్యలో చూపించారు. ఆ కృషికి 2018లో వారిద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ పునాది మీద తయారైన ఇపిలిముమాబ్ 2011లోను, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ 2014లోను అమెరికాలో అనుమతి పొందాయి, అటెజోలిజుమాబ్, దుర్వాలుమాబ్ తరువాత వచ్చాయి. వీటన్నిటినీ ఇమ్యూన్ చెక్‌పాయింట్ ఇన్హిబిటర్లు అంటారు, అంటే అవి క్యాన్సర్‌ను నేరుగా చంపవు, టి కణం కళ్ళెం విప్పుతాయి.

కళ్ళెం విడిచిన కణం కణితి మీదికే పోతుందన్న హామీ ఏదీ లేదు. అది చర్మాన్ని, పేగును, ఊపిరితిత్తిని, కాలేయాన్ని, థైరాయిడ్‌ను, అరుదుగా గుండెను కూడా శత్రువుగా భావించి అక్కడ ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే వాపును, కలిగిస్తుంది. దీన్ని వైద్యులు ఇమ్యూన్ సంబంధిత దుష్ప్రభావం అంటారు. కీమోథెరపీ దుష్ప్రభావం ప్రధానంగా మందులోని విషగుణం వల్ల కలిగేది కనుక మందు ఒంట్లోంచి పోయాక చాలావరకు తగ్గుతుంది. ఇక్కడ దాడి చేసేది రోగి సొంత కణాలే కనుక మందు ఆపినంత మాత్రాన దాడి ఆగదు, దాన్ని అణచడానికి వేరే మందు కావాలి. కీమోథెరపీ కాలంలో నేర్చుకున్న అలవాట్లు, ముఖ్యంగా కొన్నాళ్ళు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుందన్న నమ్మకం, ఈ చికిత్సలో పనికిరాకపోవడానికి కారణం ఇదే. రోగి సొంత టి కణాలను ప్రయోగశాలలో మార్చి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్స కూడా ఇమ్యునోథెరపీయే అయినా దాని ప్రమాదాలు వేరు, అవి కనిపించే కాలం వేరు. ఇక్కడ చెప్పే విషయాలు దానికి వర్తించవు.

ఏ మందు, ఎన్ని మందులు అన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల మీద జరిగిన చెక్‌మేట్ 067 పరీక్షలో ఇపిలిముమాబ్, నివోలుమాబ్ రెండూ కలిపి తీసుకున్నవారిలో సగానికి పైగా రోగులకు తీవ్రమైన దుష్ప్రభావాలు కలిగాయి. నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో అటువంటివారు దాదాపు ఐదో వంతు. మన దేశంలో మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ భాగాల క్యాన్సర్ ముదిరిన రోగులకు మూడు వారాలకు ఒకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను, అంటే మామూలు మోతాదులో పదోవంతు కన్నా తక్కువను, నోటి ద్వారా ఇచ్చే మాత్రలతో కలిపి ఇచ్చి, ఏడాది తరువాత జీవించి ఉన్నవారి శాతం 16.3 నుంచి 43.4కు పెరిగిందని 2022లో ప్రకటించారు. పొగాకు, గుట్కా వాడకం వల్ల నోటి క్యాన్సర్లు విస్తారంగా ఉన్న తెలుగు ప్రాంతాల్లో, చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్న ఉత్తరాంధ్రలో మరీ ముఖ్యంగా, ఖరీదు భరించలేని కుటుంబాలకు ఈ ఫలితం ఒక దారి చూపింది. అయితే తక్కువ మోతాదు అనగానే తక్కువ జాగ్రత్త చాలుననుకోవడం పొరపాటు: టి కణాల మీది పీడీ-1 కొద్ది మందుకే చాలావరకు మూసుకుపోతుందన్న పరిశీలనే తక్కువ మోతాదు పనిచేస్తుందన్న ఆలోచనకు ఆధారం కనుక, మేలు చేయగల మోతాదు కీడు కూడా చేయగలదనే భావించి కనిపెట్టుకొని ఉండడం క్షేమం.

మొదటి డోసుకు ముందే మొదలయ్యే పని

దుష్ప్రభావాల పరిశీలనలో తరచుగా అశ్రద్ధకు గురయ్యే భాగం చికిత్స మొదలు కాకముందు రోగి ఎలా ఉండేవారన్నది రాసిపెట్టుకోవడం. విరేచనాల తీవ్రతను వైద్యులు కొలిచే పద్ధతి చూస్తే దీని అవసరం అర్థమవుతుంది. రోజుకు మొత్తం ఎన్నిసార్లు అన్నది వారు లెక్కించరు. మునుపటికన్నా ఎన్నిసార్లు ఎక్కువ అన్నది లెక్కిస్తారు. నాలుగుకన్నా తక్కువ పెరిగితే మొదటి స్థాయి, నాలుగు నుంచి ఆరు పెరిగితే రెండో స్థాయి, ఏడు లేదా అంతకు మించి పెరిగితే మూడో స్థాయి. రోజుకు ఒకసారి వెళ్ళే మనిషి ఐదుసార్లు వెళ్ళడం, మొదటినుంచీ మూడుసార్లు వెళ్ళే మనిషి ఐదుసార్లు వెళ్ళడం ఒకటి కాదు. మొదటిది రెండో స్థాయి, రెండోది మొదటి స్థాయి. మునుపటి లెక్క తెలియని వైద్యుడు ఈ రెంటినీ వేరు చేయలేడు, ఆ లెక్క రోగి ఇంట్లో తప్ప ఏ ల్యాబ్‌లోనూ దొరకదు.

కనుక మొదటి డోసుకు వారం ముందు ఒక నోటు పుస్తకంలో కొన్ని విషయాలు తేదీతో సహా రాసిపెట్టుకోవాలి: రోజుకు ఎన్నిసార్లు విరేచనం అవుతుంది, బరువు ఎంత, ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కగలరు, దగ్గు ముందునుంచే ఉన్నదా, ఉంటే కఫం పడుతున్నదా, పల్స్ ఆక్సీమీటరు వేలికి పెట్టి చూస్తే కూర్చున్నప్పుడు ఎంత, కాస్త నడిచి వచ్చాక ఎంత, కీళ్ళ నొప్పులు ఏవైనా ఉన్నాయా, చర్మం మీద పాత మచ్చలు, పొడలు ఎక్కడెక్కడ ఉన్నాయి. వీటితోపాటు వైద్యునికి తప్పక తెలియవలసిన పాత చరిత్ర ఒకటి ఉంటుంది. సోరియాసిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటి జబ్బులు ఇదివరకు ఉన్నవారిలో, అంటే రోగనిరోధక వ్యవస్థ ముందే కొంత సొంత శరీరం మీద తిరగబడినవారిలో, అవి మళ్ళీ రేగే అవకాశం ఎక్కువ. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి ఆ కిడ్నీని శరీరం తిరస్కరించే ప్రమాదం ఉంటుంది. ఎప్పుడో నయమైన టీబీ, దాగి ఉన్న హెపటైటిస్ బి ఈ కాలంలో పైకి రావచ్చు. నాటు మందులు, ఆయుర్వేద మందులు, మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కూడా ఈ జాబితాలో చేర్చాలి. ముఖ్యంగా ఏళ్ళ తరబడి పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్రలను, అంటే పాంటోప్రజోల్ వంటివాటిని, ఎవరూ మందుగా లెక్కపెట్టరు. కానీ ఇమ్యునోథెరపీతో కలిసినప్పుడు అవి కిడ్నీల్లో ఇన్‌ఫ్లమేషన్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి.

ఆసుపత్రివారు ఇదే సమయంలో రక్తకణాల లెక్క, కాలేయం, కిడ్నీ పరీక్షలు, సుగరు, థైరాయిడ్‌కు సంబంధించిన టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు, ఈసీజీ చేయిస్తారు. చాలాచోట్ల ఉదయం కార్టిసాల్, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా చూస్తారు. ఆ తరువాత ప్రతి డోసుకు ముందు వీటిలో కొన్నింటిని, నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి థైరాయిడ్‌ను తిరిగి పరీక్షిస్తారు. రిపోర్టులను పాతవాటితో కలిపి వరుసగా ఫైలులో పెట్టడం చిన్న పనిగా కనిపించినా విలువైన పని, ఎందుకంటే కాలేయ ఎంజైమ్ నార్మల్ హద్దులోనే ఉంటూ మూడు రిపోర్టుల్లో వరుసగా పెరుగుతున్నదంటే ఆ పెరుగుదల ఒంటరి అంకెలో కనిపించదు, వరుసలో కనిపిస్తుంది.

ఏ అవయవం ఎలా చెబుతుంది

సాధారణంగా మొదట మాట్లాడేది చర్మం. రెండు మూడు వారాల్లోనే దురద, ఎర్రటి దద్దుర్లు కనిపించవచ్చు. చాలావరకు పూత మందులు, దురద మాత్రలతో లొంగుతాయి. బొబ్బలు లేవడం, నోటిలోనో కళ్ళలోనో పుండ్లు పడడం, చర్మం ఊడిరావడం మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలసిన లక్షణాలు. మెలనోమా రోగుల్లో బొల్లి మచ్చలు వచ్చినప్పుడు మందు పనిచేస్తున్నదనడానికి అది ఒక సూచన కావచ్చునన్న పరిశీలన కూడా ఉంది.

పేగు సంగతి ఇంత తేలిక కాదు. ఐదు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎక్కువగా కనిపించే విరేచనాలను మన ఇళ్ళలో సహజంగా బయటి తిండికో నీళ్ళ మార్పుకో వేడి చేయడానికో ఆపాదిస్తారు, మందుల షాపు నుంచి లోపెరమైడ్ మాత్ర తెచ్చి వేస్తారు, రెండు రోజులు ఆగుతాయి. ఆ రెండు రోజుల్లో లోపల పెద్దపేగు ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతూనే ఉండవచ్చు. బయటికి కనిపించే గుర్తును మాత్ర దాచివేసింది, అంతే. రక్తం, జిగట, కడుపులో మెలిపెట్టే నొప్పి, రాత్రిపూట నిద్రలేపే విరేచనం, వీటిలో ఏది ఉన్నా లెక్క ఎంతన్నది చూడకుండా ఆంకాలజిస్టుకు, అంటే క్యాన్సర్ వైద్యునికి, ఫోన్ చేయాలి. చూడకుండా వదిలిన కొలైటిస్, అంటే ఈ పెద్దపేగు ఇన్‌ఫ్లమేషన్, పేగుకు రంధ్రం పడేదాకా పోగలదు; టి కణాల దాడిని అణచే స్టీరాయిడ్ సకాలంలో మొదలుపెడితే చాలామందిలో లొంగుతుంది; మూడు నుంచి ఐదు రోజుల్లో లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, వెడొలిజుమాబ్ వంటి మందులు ఉన్నాయి.

ఊపిరితిత్తుల్లో వచ్చే న్యుమోనైటిస్ సూక్ష్మజీవి వల్ల వచ్చే న్యుమోనియా కాదు, కానీ ఎక్స్‌రేలోను, దగ్గులోను దాన్నే పోలి ఉంటుంది, అందుకే జిల్లా ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్‌ల మీద వారం గడిచిపోయే ప్రమాదం ఉంది. పొడిదగ్గు, మునుపు ఎక్కిన మెట్లు ఇప్పుడు ఎక్కలేకపోవడం, ఆక్సీమీటరు అంకె మొదట రాసుకున్నదానికన్నా తగ్గడం దీని తొలి గుర్తులు. అంకెను కూర్చున్నప్పుడే కాక నడిచి వచ్చాక కూడా చూడాలనడం ఇందుకే. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిలో, ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారిలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. కాలేయం గురించి ఇంట్లో గమనించగలిగేది తక్కువ; కళ్ళు పచ్చబడేసరికి ఆలస్యమైపోతుంది కనుక అక్కడ రక్త పరీక్షే దిక్కు.

ఎక్కువసార్లు అర్థం చేసుకోకుండా పోయేది హార్మోన్ గ్రంథుల సంగతి. థైరాయిడ్ మీద దాడి జరిగినప్పుడు తొలి వారాల్లో అందులో నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా బయటపడి గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కనిపించి, తరువాత గ్రంథి ఉత్తదై నీరసం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం మొదలవుతాయి. ఈ రెండో దశ సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది, రోజూ ఉదయం థైరాక్సిన్ మాత్ర వేసుకుంటే సరిపోతుంది. మెదడు అడుగుభాగంలో ఉండే పిట్యూటరీ గ్రంథి వాచినప్పుడు, ఇపిలిముమాబ్ వాడినవారిలో ఇది ఎక్కువ, విడవని తలనొప్పి, మంచం దిగలేనంత నిస్సత్తువ, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, రక్తంలో సోడియం తగ్గడం కనిపిస్తాయి; పిట్యూటరీ అడ్రినల్ గ్రంథికి పంపే ఆజ్ఞ ఆగిపోయి, ప్రాణాధారమైన కార్టిసాల్ తగ్గడం దీనికి మూలం. ఇక్కడ ఒక క్రమం తప్పకుండా పాటించాలి: థైరాయిడ్, కార్టిసాల్ రెండూ తగ్గినప్పుడు ముందు కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, ఆ తరువాతే థైరాక్సిన్ మొదలుపెట్టాలి, ఎందుకంటే తలకిందులుగా చేస్తే ఒంట్లో మిగిలిన కొద్దిపాటి కార్టిసాల్ కూడా వేగంగా ఖర్చయి రోగి కుప్పకూలే ప్రమాదం ఉంటుంది. టీఎస్‌హెచ్ రిపోర్టు చూసి పక్క ఊరి డాక్టరు రాసిచ్చిన థైరాయిడ్ మాత్రను ఆంకాలజిస్టుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదనడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

నీరసం ఈ లక్షణాలన్నిటిలోను ఎక్కువ మోసం చేసేది, ఎందుకంటే క్యాన్సర్ రోగికి నీరసం ఉండడం సహజమేనని అందరూ అనుకుంటారు. అది ఉందా లేదా అన్న ప్రశ్నకు విలువ తక్కువ. పోయినవారంతో పోలిస్తే పెరిగిందా అన్న ప్రశ్నకు ఎక్కువ. చాలా అరుదుగా, వంద మందిలో ఒకరికో అంతకన్నా తక్కువకో, కొద్దిరోజుల్లో క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు నాశనమై టైప్ 1 మధుమేహం వస్తుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మత్తు కనిపిస్తే ఆ రోజే సుగరు చూడాలి. ఇప్పటికే సుగరు మాత్రలు వాడే రోగి ఇంట్లో గ్లూకోమీటరు ఉంటుంది కనుక ఈ పని తేలిక. మాత్రలకు లొంగుతున్న సుగరు ఒక్కసారిగా అదుపు తప్పితే తీపి తిన్నారని మందలించడంతో ఆగిపోకూడదు.

గుండె కండరం ఇన్‌ఫ్లమేషన్, అంటే మయోకార్డైటిస్, వచ్చేది నూటికి ఒకరికన్నా ఎక్కువ కాదు. కానీ వచ్చినవారిలో ప్రాణం పోయేవారు నాలుగోవంతు నుంచి సగం దాకా ఉన్నారని నివేదికలు చెబుతున్నాయి, అదీ ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. ఛాతీ నొప్పి, కొత్త ఆయాసం, గుండె లయ తప్పడం, స్పృహ తప్పడం ఎప్పుడు కనిపించినా అత్యవసరమే. కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మెడ నిలబెట్టలేకపోవడం, మింగడం కష్టం కావడం కండరాల మీద, నరాల మీద జరిగే దాడికి గుర్తులు. ఇవి మయోకార్డైటిస్‌తో కలిసి వచ్చే సందర్భాలు ఉన్నాయి కనుక రెప్ప వాలిన రోగిని కంటి డాక్టరు దగ్గరికి మాత్రమే తీసుకుపోయి ఊరుకోరాదు.

అడగడం, చెప్పడం

ఇన్ని లక్షణాలను గుర్తుపెట్టుకోవడం ఏ కుటుంబానికైనా కష్టమే, ఆ అవసరమూ లేదు. కొత్తగా వచ్చినది, పెరుగుతున్నది, మూడు రోజులైనా తగ్గనిది ఏదైనా మందు వల్లనే కావచ్చునని అనుమానించే అలవాటు ఉంటే చాలు, అది అవునో కాదో తేల్చడం వైద్యుని పని. అలవాటు నిలవాలంటే దానికి ఒక వేళ ఉండాలి: రాత్రి భోజనం తరువాత ఐదు నిమిషాలు నోటు పుస్తకం తెరిచి ఆ రోజు విరేచనాలు, దగ్గు, ఆయాసం, దురద, నొప్పి, నిద్ర, వారానికి ఒకసారి బరువు రాయడం సరిపోతుంది. అడిగే తీరు కూడా ముఖ్యమే. బాగానే ఉందా అని అడిగితే మన పెద్దవారు బాగానే ఉందనే అంటారు. పిల్లలను కంగారు పెట్టకూడదన్న ఆలోచన వారిది. "నాన్నా, రాత్రి ఎన్నిసార్లు లేచావు?", "మేడ ఎక్కేటప్పుడు ఎక్కడ ఆగావు?" అన్న ప్రశ్నలకు అంకెతోనో స్థలంతోనో తప్ప జవాబు ఉండదు. విరేచనాల గురించి కొడుకుకు చెప్పుకోలేని తల్లి కూతురికో కోడలికో చెబుతుంది. ఎవరు అడగాలన్నది ఇంట్లో ముందే అనుకోవాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో ముఖం చూసి ధైర్యపడడం సహజమే కానీ, ఆ నోటు పుస్తకం పేజీ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకొని పాత పేజీలతో పోల్చి చూడడం అంతకన్నా ఎక్కువ ఉపయోగం.

ఇటువంటి రాతకు ఫలితం ఉంటుందనడానికి గట్టి ఆధారం ఉంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో కీమోథెరపీ తీసుకుంటున్న 766 మంది రోగుల్లో కొందరు తమ లక్షణాలను క్రమం తప్పకుండా కంప్యూటరు ద్వారా తెలియజేసేలా, అవి తీవ్రమైనప్పుడు నర్సుకు వెంటనే సమాచారం చేరేలా ఏర్పాటు చేయగా, మామూలు పద్ధతిలో వైద్యం పొందినవారి మధ్యస్థ జీవితకాలం 26 నెలలు ఉంటే వీరిది 31.2 నెలలు ఉన్నదని ఈథన్ బాష్ బృందం 2017లో వెల్లడించింది. అది ఇమ్యునోథెరపీ మీద జరిగిన పరిశోధన కాదు. అయినా డోసుకు డోసుకు మధ్య మూడు, నాలుగు, ఒక్కొక్క పద్ధతిలో ఆరు వారాల ఎడం ఉండే ఈ చికిత్సకు, ఆ ఎడమంతా రోగి వైద్యుని కంటికి దూరంగా గడిపే ఈ చికిత్సకు, దాని పాఠం మరింత గట్టిగా వర్తిస్తుందని భావించడం తప్పు కాదు.

దూరం మరో చిక్కు తెస్తుంది. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో మందు ఎక్కించుకొని బస్సులో ఊరికి చేరిన రోగికి అర్ధరాత్రి ఆయాసం వస్తే మొదట చూసేది ఆర్ఎంపీయో పట్టణంలోని జనరల్ డాక్టరో; క్యాన్సర్ రోగి అనగానే కీమోథెరపీ అనుకొని, జ్వరం ఉంటే రక్తకణాలు తగ్గాయనుకొని యాంటీబయాటిక్, సెలైన్ ఎక్కిస్తారు. వారిని నిందించడానికి లేదు. వారికి చెప్పినవారు లేరు. మందు పేరు, ఆఖరి డోసు తేదీ, ఇది రోగనిరోధక వ్యవస్థను రేపే మందు కనుక ఏ కొత్త లక్షణమైనా దానివల్ల కావచ్చునన్న మాట, స్టీరాయిడ్ అవసరం పడవచ్చునన్న సూచన, ఆంకాలజీ విభాగం ఫోన్ నంబరు రాసిన చిన్న కార్డు రోగి జేబులోను, ఇంట్లో ఇద్దరి ఫోన్లలోను ఉంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఇటువంటి కార్డులు ఇచ్చే ఆసుపత్రులు ఉన్నాయి. ఇవ్వకపోతే డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవచ్చు.

లక్షణాన్ని దాచే రోగులూ తక్కువేమీ కాదు. చెబితే మందు ఆపేస్తారన్న భయం వారిది, అప్పు చేసి మొదలుపెట్టిన చికిత్స అయితే ఆ భయం మరీ ఎక్కువ. నిజానికి మొదటి స్థాయి దుష్ప్రభావానికి చాలావరకు మందు ఆపరు; రెండో స్థాయిలో డోసు వాయిదా వేసి, లక్షణం తగ్గాక తిరిగి ఇస్తారు; మూడో స్థాయిలో ఆపి ఎక్కువ మోతాదు స్టీరాయిడ్ ఇస్తారు; శాశ్వతంగా ఆపడం ఎక్కువగా ప్రాణం మీదికి వచ్చే నాలుగో స్థాయిలోనే, అదీ హార్మోన్ మాత్రతో సరిదిద్దగలిగిన గ్రంథుల విషయంలో తప్పనిసరి కాదు. అంటే తొందరగా చెప్పిన రోగికి మందు కొనసాగే అవకాశమే ఎక్కువ. ఒకవేళ ఆపవలసి వచ్చినా మెలనోమా రోగుల్లో దుష్ప్రభావం వల్ల రెండు మందుల చికిత్సను మధ్యలో ఆపినవారు కూడా కొనసాగించినవారితో సమానంగా మేలు పొందినట్లు తేలింది. కళ్ళెం విడిచిన టి కణాలు మందు లేకపోయినా తమ పని తాము చేస్తూ ఉండగలవు.

స్టీరాయిడ్ అంటే ఉన్న భయాన్ని కూడా కొంత సవరించుకోవాలి. రెండో స్థాయిలో కిలో బరువుకు అర నుంచి ఒక మిల్లీగ్రాము, అంతకు మించిన స్థాయిలో ఒకటి నుంచి రెండు మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇచ్చి, లక్షణం తగ్గిన తరువాత నాలుగు నుంచి ఆరు వారాల మీద మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. విరేచనాలు ఆగిపోయాయని నాలుగో రోజున సొంతంగా మాత్ర మానివేస్తే అవి తిరగబెడతాయి, ఈసారి మరింత మొండిగా. ఆ వారాల్లో సుగరు పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఆకలి పెరుగుతుంది, మనసు చిరాకుగా ఉంటుంది, ఇన్‌ఫెక్షన్లు తేలికగా సోకుతాయి. అందుకే వైద్యులు దీర్ఘకాలం వాడవలసి వచ్చినవారికి న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్, ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి కూడా రాస్తారు. మందుల చీటీలో ఇవి ఎక్కువగా కనిపించాయని వదిలివేయకూడదు.

ఆఖరి డోసు తరువాత

చికిత్స ముగిసిందని నోటు పుస్తకం మూసివేయడానికి లేదు, ఎందుకంటే దుష్ప్రభావాలు ఆఖరి డోసు తరువాత నెలలకు, అరుదుగా ఏడాది దాటాక కూడా మొదటిసారి కనిపించిన సందర్భాలు ఉన్నాయి. రోజూ రాయడం అవసరం లేకపోయినా కార్డు జేబులోనే ఉండాలి, ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరు అయినా సరే, ఫలానా మందు తీసుకున్నామని చెప్పాలి.

పిట్యూటరీ లేదా అడ్రినల్ దెబ్బతిని రోజూ హైడ్రోకార్టిసోన్ వాడేవారికి ఈ జాగ్రత్త జీవితకాలపుది. ఆరోగ్యవంతుని శరీరం జ్వరం వచ్చినప్పుడు, ఆపరేషన్ జరిగినప్పుడు తనంతట తానే ఎక్కువ కార్టిసాల్ తయారుచేసుకుంటుంది. వీరి శరీరం ఆ పని చేయలేదు, కనుక జ్వరం ఉన్న రోజుల్లో వైద్యుడు ముందుగా చెప్పిన ప్రకారం మాత్రల మోతాదు పెంచుకోవాలి, సాధారణంగా రెట్టింపు. ఉపవాసం, రంజాన్ రోజా, దీక్షల వంటివాటికి ముందు మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో అడిగి తెలుసుకోవాలి. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్ళేటప్పుడు అవసరమైనదానికన్నా కొన్ని వారాలకు ఎక్కువగా మాత్రలను, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలో పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు. వాంతులు అవుతూ మాత్ర కడుపులో నిలవకపోతే తగ్గుతుందేమోనని తెల్లవారేదాకా చూడకుండా దగ్గరలో ఉన్న ఏ ఆసుపత్రికైనా వెళ్ళి, కార్డు చూపించి, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేయించుకోవాలి.